పేరొక్కటే మార్చాడు

ఫియోరి కంపాలా వచ్చిందని కబురు అందగానే గిర్మాయ్ గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల లెతెబ్రహాన్ కూతురు. సొంతూరు కెరెన్‌లో సైనికులు వెతుకుతుంటే పదకొండు రోజులు రచయిత గిర్మాయ్‌ను జొన్నల గదిలో దాచి, సరిహద్దు దాటించిన మహాతల్లి లెతెబ్రహాన్. ఇప్పుడామె రెండేళ్లుగా జైల్లో ఉంది. ఎవరి పుణ్యమో గిర్మాయ్‌కి బాగా తెలుసు.

సరిహద్దు దాటొచ్చాక ఈ కంపాలాలో కూర్చుని ఊరి జ్ఞాపకాలన్నీ పుస్తకంగా రాశాడు. ఆమె పేరు మార్చాడు, వీధి మార్చాడు, తనంత తెలివైనవాడు లేడనుకున్నాడు. ఆమె కాఫీ కాచినప్పుడల్లా యుద్ధంలో పోయిన మొగుడికని ఒక కప్పు గడప మీద పెట్టే సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాసేశాడు. పైగా ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోయాడు కూడానూ! కెరెన్‌లో ఆ పని చేసే ఇల్లు ఒక్కటే. ఎవర్ని అడిగినా చూపిస్తారు. పుస్తకం వచ్చిన నెలకే ఆమెను పట్టుకుపోయారు.

ఫియోరి వస్తూనే కుంపటి ముందు కూర్చుని కాఫీ గింజలు వేయించింది.

"ఏంటి బాబాయ్, ఇలా చిక్కిపోయావ్? పిన్ని తిండి పెట్టట్లేదా?"

"పెడుతుందమ్మా. నాకే సయించట్లేదు."

మొదటి విడత కాఫీ తాగి, పనుందని లేవబోయాడు.

"మూడు విడతలూ కాకుండానే లేస్తావా? పరాయి ఊరొచ్చి మర్యాద కూడా మర్చిపోయావే!" అని కసిరింది. చచ్చినట్టు కూర్చున్నాడు.

రెండో విడత పోస్తూ ఫియోరి అసలు సంగతి ఎత్తింది.

"అమ్మను పట్టిచ్చింది పక్కింటి తెక్లే. నువ్వు మా ఇంట్లోంచి వెళ్తుంటే చూసింది వాడొక్కడే కదా! అప్పట్నుంచి వాడింట్లో ఎవరూ కాఫీ ముట్టలేదు. పోయినేడు చచ్చాడు. శవం మొయ్యడానికి మనిషి వెళ్లలేదు. వాడి గుమ్మంలో నేనే ఉమ్మేసొచ్చా. నీకు కలం ఉందిగా బాబాయ్, వాడి పేరు పెట్టి రాయి!"

సరేనంటే సరిపోయేది. అతని పాపం తెక్లేతో పాటు మట్టిలో కలిసిపోయేది. ఆ ఆశ ఒక్క క్షణం కలిగినందుకే గిర్మాయ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఫియోరి చదివింది. మళ్లీ చదివింది.

"మన సంగతి తర్వాత చూసుకుందాం," అంది. "తెక్లే పెళ్లాం ఊళ్లో ఉండలేక అడిస్ అబాబాలో కూతురి దగ్గరికి పోయింది. ముందు ఆమెకు చెప్పు." నంబరు కనుక్కుని, ఫోను కలిపి అతని చేతికిచ్చింది.

"గిర్మాయా! నువ్వేనా నాయనా?" అతను పేరు చెప్పగానే ముసలామె పొంగిపోయింది. "మన ఊరి మాట విని ఎన్నాళ్లయిందో! ఒక్కరూ పలకరించలేదయ్యా. నువ్వొక్కడివైనా మా ఆయన అలాంటివాడు కాదని నమ్మావు, అంతే చాలు నాకు."



"ఆయన కాదమ్మా," అన్నాడు గిర్మాయ్. "నేను."