తిరుపతిలో తయారైన ఆట

1985 వేసవి మొదట్లో తిరుపతి ఎగ్జిబిషన్‌లో జనం బాగా మూగింది గంగాధరం స్టాలు దగ్గరే. అతనిది వడమాలపేట. తిరుపతిలో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. స్టాల్లో ఒక టీవీ, దానికి తగిలించిన టేకు పెట్టె ఉండేవి. పెట్టె మీది నాబ్ తిప్పితే తెరమీద తెల్లటి గీత కదిలి, ఎగిరొచ్చే చుక్కను బంతిలా కొట్టేది. పెట్టె మీద ‘తిరుపతి తయారీ’ అని ఎర్రరంగుతో రాసి ఉండేది.

నిజానికి లోపలున్నది మద్రాసు బర్మా బజారులో కొన్న హాంకాంగ్ సరుకు. దాని ప్లాస్టిక్ డొప్ప తీసేసి టేకు పెట్టెలో బిగించడమొక్కటే గంగాధరం చేసిన పని. అంగడికి పేరొస్తుందనుకున్నాడు, అంతే.

“ఈ టీవీ ఆటలు మొదలుపెట్టింది అమెరికా వాళ్లప్పా. లెక్కాపత్రం లేకుండా చేసి, కొనేవాళ్లు లేక బోర్లా పడినారు. ఇప్పుడు జపానోళ్లు లేస్తాండారు. హాంకాంగోళ్లు చవగ్గా బిగించి లోకమంతా పంపతాండారు. మరి మన దేశం యాడుండాది? ఇదో, ఈడుండాది!” అని పెట్టె మీద చరిచేవాడు. జనం ఈలలేసేవారు.

ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రంగనాయకి ఆ మాటలు విని, అతన్ని తన క్లాసుకు పిలిచింది. అక్కడా అదే చెప్పాడు. పెట్టె విప్పి చూపమంటే మాత్రం, “అది వ్యాపార రహస్యం మేడమ్” అని నవ్వి తప్పించుకున్నాడు.

వారం తిరక్కముందే దేవస్థానం ఆఫీసులో గుమాస్తా శ్రీమన్నారాయణ వడ ప్రసాదం పట్టుకుని అంగడికొచ్చాడు.

“మా అమ్మాయి కోమలవల్లి క్లాసులో మీ మాటలు విన్నప్పట్నుంచి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదవతానంటా ఉండాది. ఆడపిల్లకి ఎందుకులే అన్నాను. మన ఊరాయన జపానోళ్లతో సమానంగా చేసినాడు కదా నాయనా అనింది. నా కండ్లు తెరిపించినారు గంగాధరం గారూ” అని చేతులు జోడించాడు.

గంగాధరం ఆ చేతులవైపు చూడలేకపోయాడు. ఇంటికి తెచ్చిన వడ ఆకులోనే ఉండిపోయింది.

“ఏమయ్యా, ప్రసాదం ముట్టవేమి?” అని అడిగింది భార్య మునిలక్ష్మి.

అతను జరిగిందంతా చెప్పాడు. “నేనూ వీధంతా చెప్పుకున్నాను కదయ్యా, మా ఆయన చేసినాడని” అంది ఆమె. “నాకు చెప్తే ఏం లాభం? ఆ పిల్లకి చెప్పు.”

మరునాడు పెట్టె పట్టుకుని కాలేజీకెళ్లి, క్లాసులో అందరి ముందూ మరలు విప్పి మూత తీశాడు. లోపలి ఆకుపచ్చ సర్క్యూట్ పలక మీద హాంకాంగ్ అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

“ఇది నేను చేసింది కాదు. అబద్ధం చెప్పినాను” అన్నాడు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. కోమలవల్లి మాత్రం లేచొచ్చి పలకమీదికి వంగి చూసింది.

“పోనీ సార్, ఇది గీతను ఎట్ల కదిలిస్తాది? అది చెప్పండి.”

గంగాధరం నోరు తెరిచాడు. ఏ తీగ ఎక్కడ అతకాలో తెలుసు. ఆ నల్లటి చిప్పు లోపల ఏం జరుగుతుందో ఏనాడూ ఆలోచించలేదు.

“నాకు తెలీదమ్మా.”

అబద్ధం ఒప్పుకున్నప్పటికన్నా ఆ మాట అన్నప్పుడే అతని తల ఎక్కువ వాలిపోయింది. రంగనాయకి అతన్ని ఒక్క మాట అనలేదు. పిల్లల వైపు తిరిగి, “విచారించకుండా ఈయన్ని పిలిచింది నేను. నన్ను క్షమించండి” అంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

స్టాలు ఎత్తేశాడు. ఎవరైనా ఆట గురించి అడిగితే, “అది హాంకాంగోళ్లదప్పా” అని తలొంచుకునే చెప్పేవాడు.

వేసవి సెలవుల్లో కోమలవల్లి అంగడికొచ్చింది.

“సార్, ఆ పెట్టె కొన్నాళ్లిస్తారా? విప్పి చూసుకుంటాను.”

“తీసుకోమ్మా. మీ నాయన...”

“చదివిస్తానన్న మాట తప్పనన్నాడు సార్.” ఆ పిల్ల కాస్త తటపటాయించింది. “మీ పేరు మాత్రం ఇంట్లో ఎత్తొద్దన్నాడు.”

గంగాధరం తలెత్తి చూశాడు. వీధికి అవతల శ్రీమన్నారాయణ సైకిలు పట్టుకుని, అంగడివైపు వీపుపెట్టి నిలబడి ఉన్నాడు. పెట్టెను పాత పేపర్లో చుట్టి ఆ పిల్ల చేతికిచ్చాడు. బాగా చదువుకోమ్మా అనాలనుకున్నాడు గానీ, ఆ మాట అనే అర్హత తనకుందనిపించలేదు.