నల్లగుట్టపల్లె మల్లప్ప గారి కుమార్తె

చేతికి మైకు దొరికితే రాజగోపాల్‌కు ఒళ్లు తెలియదు. మదనపల్లెలో అతను చదివే డిగ్రీ కాలేజీలో ఈ సంగతి ప్రిన్సిపాల్ నుంచి అటెండర్ దాకా అందరికీ తెలుసు. తొంభై ఏడు ఫిబ్రవరిలో మూడు ఊళ్ల కాలేజీలు కలిసి కళావారం పెట్టుకున్నప్పుడు, ప్రచారం పని అడక్కుండానే అతని నెత్తిన పడింది. మదనపల్లెలో నాటికలు, పుంగనూరులో పద్యాలూ జానపదాలూ, చివరి రోజు కుప్పంలో డాన్సులూ బహుమతులూ. ఈ జాబితా నోటీసు బోర్డు మీద అంటించి ఊరుకుంటే సరిపోయేది. మనవాడు ఊరుకునే రకమా? ఆటో మాట్లాడి, దానికి రెండు హారన్లు కట్టించి, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు.

పద్యాల జాబితాలో ‘ఎం. అమరావతి, బి.ఏ. రెండో సంవత్సరం’ అని ఒక పేరుంది. అతని కాలేజీలోనే చదివే ఆ అమ్మాయి ద్రౌపది పద్యం ఎత్తుకుంటే రిహార్సల్ గది కిటికీల దగ్గర జనం మూగేవారు. అందరికంటే ముందు రాజగోపాల్ చేరేవాడు. ఆమె మొదటి రోజే అతన్ని ‘అన్నా’ అని పిలిచి ఆ వ్యవహారం అక్కడికక్కడే తేల్చేసింది కాబట్టి, అభిమానం చూపించడానికి పాపం అతనికి మైకు ఒక్కటే మిగిలింది.

మా వైపు ఒకరి పేరు మర్యాదగా చెప్పాలంటే ఊరూ తండ్రి పేరూ కలిపి చెప్పాలి. రాజగోపాల్ ఆ మర్యాదే చేశాడు. “నల్లగుట్టపల్లె వాస్తవ్యులు, శ్రీ మల్లప్ప గారి కుమార్తె, కుమారి అమరావతి గారి పద్యగానం” అని ఆ ఊరి పాలకేంద్రం ముందు ఆటో ఆపించి మరీ మూడుసార్లు చెప్పాడు. పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా తలలెత్తి చూశారు. వాళ్లలో మల్లప్ప ఉన్నాడేమోనని చూడాలన్న ధ్యాస అతనికి లేకపోయింది.

మరునాడు ఆ సంగతి విని అమరావతి లైబ్రరీ మెట్ల దగ్గర అతన్ని పట్టుకుంది. హాస్టల్లో ఉండి చదువుకునే ఆ పిల్ల, ఇంట్లో తెలియకుండా పుంగనూరులో పాడేసి రావాలనుకుంది. ఆమెకు నారాయణమ్మ అని ఒక అక్క ఉంది. తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవంలో ఆ అక్క డాన్సు చేస్తుంటే, మల్లప్ప నేరుగా స్టేజీ ఎక్కి, అందరూ చూస్తుండగా చెయ్యి పట్టి ఇంటికి లాక్కుపోయాడు. మర్నాటి నుంచి నారాయణమ్మకు స్కూలు లేదు. అంతా చేసి, అమరావతికి ఆ పద్యాలు వచ్చింది ఆయన నోటి నుంచే. చుట్టుపక్కల ఎక్కడ భారతం ఆడినా మల్లప్ప ముందు వరసలో ఉండేవాడు. షెడ్డులో పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తూ ఆయన పద్యం పాడితే కూతురు అందుకునేది. ఇంట్లో పాడితే ఆయనకు అభ్యంతరం లేదు, జనం ముందు పాడితేనే.

“మా నాయన పేరు సెప్పమని నిన్నెవరడిగినారన్నా?” అంది అమరావతి. “రేపు నన్ను గూడా సదువు మానిపించి ఇంట్లో కూసోబెడితే యేం జేసేది?”

 ఆయన వస్తే నేను చూసుకుంటాను, నీ పాటకు అడ్డం రాకుండా చేసే పూచీ నాది అన్నాడు రాజగోపాల్. చేసిన తప్పు దిద్దుకోవాలన్న తొందరలో అంత పెద్ద మాట ఇచ్చేశాడు.

పుంగనూరులో బస్టాండుకు దగ్గరగా ఉన్న స్కూలు మైదానంలో షామియానా వేశారు. బస్టాండు దాకా స్తంభాలకు హారన్లు కట్టారు. నాలుగు గంటలకు జనం బాగానే కూడారు. తర్వాత వంతు అమరావతిది అనగా, తెర సందులోంచి చూసిన ఆ పిల్ల గబుక్కున వెనక్కి తగ్గింది. గేటు దగ్గర మల్లప్ప నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో సంచి.

ఆయన ఉంటే తను పాడలేనని, తన పేరు లేదని చెప్పి ఎలాగైనా పంపించెయ్యమని ఆమె వేడుకుంది. రాజగోపాల్ పరుగున గేటు దగ్గరికి పోయాడు.

“మా అమరావతి పాడతాదంట గదప్పా, యెప్పుడు?” అని అడిగాడు మల్లప్ప.

“ఆ అమరావతి వేరే, పెద్దాయనా. కుప్పం పిల్ల. ఆటోలో నేనే పొరపాటున మీ పేరు సెప్పినా.”

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో చూసుకుని రాజగోపాల్‌కే ఆశ్చర్యం వేసింది. మల్లప్ప కాసేపు అతన్నే చూశాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి, అరిటాకులో చుట్టిన చామంతి దండ బయటికి తీశాడు.

“ఆ పిల్లకే ఎయ్యండప్పా. ఎవురి బిడ్డయితేనేమి” అని దండ రాజగోపాల్ చేతిలో పెట్టి, బస్టాండు వైపు తిరిగి నడిచాడు.

లాక్కుపోవడానికి వచ్చినవాడు దండ తెస్తాడా? చామంతుల తడి చేతికి తగలగానే రాజగోపాల్‌కు అంతా అర్థమైంది. వెనక్కి పిలవాల్సింది. పిలవలేదు. పోనీ, రెండు నిమిషాల్లో మైకు అతని చేతిలోనే ఉంది. ఊరి పేరూ తండ్రి పేరూ కలిపి ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ హారన్లలో విని ముసలాయన సగం దారి నుంచే తిరిగి వచ్చేవాడు. వారం రోజులుగా ఎవరూ అడగకపోయినా అరిచిన నోరు అది. అబద్ధమాడానని పది మందిలో బయటపడుతుందని భయపడి, ‘కుమారి అమరావతి’ అని మాత్రం చెప్పి ఊరుకుంది. ఆ పిరికితనానికి తర్వాత అతను తనను తాను తిట్టుకోని రోజు లేదు.

అమరావతి పద్యం ఎత్తుకుంది. మొదటి రాగానికే మైదానమంతా సద్దుమణిగింది. రాజగోపాల్ ఇక అక్కడ నిలబడలేక మైకు ఇంకొకరికి అప్పగించి బస్టాండుకు పరిగెత్తాడు. నల్లగుట్టపల్లె మీదుగా పోయే బస్సు కదిలి వెళ్లిపోతోంది. మల్లప్ప అందులో లేడు. టీ అంగడి ముందు బల్ల మీద, కళ్లు మూసుకుని, హారన్ వైపు చెవి పెట్టి కూర్చుని ఉన్నాడు. పద్యం అయ్యేదాకా రాజగోపాల్ పక్కనే నిలబడ్డాడు. అప్పుడు కళ్లు తెరిచి ఆయనే మాట్లాడాడు.

“మా బిడ్డేలేప్పా. ఆ గొంతు నాకు తెలీదా? పెద్దదాన్ని స్టేజీ మింద నుంచి ఈడ్సకొస్తి. ఇప్పుడు ఇది నన్ను సూసి భయపడిందంటే ఆ తప్పు నాదే.”

ఇప్పుడైనా రమ్మని, పిల్ల సంతోషిస్తుందని రాజగోపాల్ బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నేను వచ్చినట్టు సెప్పబాక. నేను ఇంటాండానని తెలిస్తే అది గొంతు ఇడిసి పాడదు. నాకు మాటియ్యి.”

రాజగోపాల్ ఆ మాట కూడా ఇచ్చేశాడు. తిరిగి వెళ్లి దండ వేయిస్తే, ఎవరిచ్చారని అమరావతి అడిగింది. ఎవరో కళాభిమాని అన్నాడు. మరి నాయన ఏమన్నాడని అడిగితే, నమ్మి వెళ్లిపోయాడన్నాడు. ఆ పిల్ల గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. రాజగోపాల్ మదనపల్లెలో తెలుగు లెక్చరర్ అయ్యాడు. కుప్పంలో కళోత్సవాలంటే తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పోయాడు. అక్కడి కాలేజీలో ఆ కార్యక్రమాలన్నీ చూస్తున్నది అమరావతి. ఆమె కూడా లెక్చరరే. నోటీసు బోర్డు ముందు ఒకరినొకరు గుర్తుపట్టారు. మల్లప్ప పోయి రెండేళ్లయిందని ఆమె చెప్పింది. బోర్డు మీద మూడు రోజుల జాబితాలో ఎక్కడా ఆమె పేరు లేదు. ప్రారంభానికి ఒక పద్యం నువ్వే పాడరాదా అన్నాడు రాజగోపాల్.

“పాడేది ఎప్పుడో మానేస్తినన్నా” అంది ఆమె. “మా నాయనకు ఇష్టం ల్యాకపోయ. పుంగనూరులో పాడొచ్చినప్పట్నుంచీ షెడ్డులో నేను నోరు తెరిస్తే సాలు, ఆకు గంప ఆడ పెట్టేసి బయటికి పొయ్యేవాడు. ఎట్లనో తెలిసిపొయ్యింటాది, కోపం వచ్చిందనుకొంటి. ఆయనకు ఇష్టం ల్యాని పాట నాకెందుకని ఇడిసిపెడితి.”

 ఇచ్చిన మాట ఇక ఎవరి కోసం నిలబెట్టాలి? రాజగోపాల్ బోర్డు పక్కనున్న మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేశాడు. దండ ఎవరిదో చెప్పాడు, టీ అంగడి ముందు బల్ల సంగతి చెప్పాడు, తను వింటున్నట్టు తెలిస్తే కూతురు గొంతు విడిచి పాడదన్న ఆయన మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పంతా నాదేనమ్మా, ఆ రోజే చెప్పి ఉండాల్సింది అన్నాడు.

 అమరావతి విద్యార్థులు ఏదో అడగడానికి వచ్చి, ఆమె మొహం చూసి వెనక్కి పోయారు.

“షెడ్డు ఎనకాల గోడకు ఆనుకోని కూసునేవాడన్నా” అంది అమరావతి. “బీడీ తాగను పొయ్యినాడనుకొంటాంటి. నేను పాట మానేసినాక గూడా, పురుగులకు ఆకు ఏసే ఏళకు శానా దినాలు ఆడనే పొయ్యి కూసునేవాడు.”