ఉడత కొరికిన మనీప్లాంటు

శృంగవరపుకోటలో పద్మజ నర్సరీకి ఎవరు వెళ్ళినా ముందు ఆ మనీప్లాంటుని చూసి ‘అబ్బ!’ అనాల్సిందే. అనకపోతే ఆవిడ ఊరుకోదు. ఎందుకూరుకుంటుంది? కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పడం మానేసి, మూడేళ్ళుగా చేతులకి తొడుగులేసుకుని మొక్క ముక్కల్ని మందునీళ్ళలో నానబెట్టింది మరి. ఆ మందు మొక్క గుణాన్నే మార్చేస్తుంది. మంచికో చెడ్డకో ఎవరూ చెప్పలేరు. నాలుగొందల ముక్కల్లో సగం కుళ్ళాయి, మిగతావి గిడసబారాయి. ఒక్కటంటే ఒక్కటి మాత్రం ఆకు నడిమధ్యన మీగడ రంగు చారతో, పావడా కుచ్చిళ్ళలాంటి అంచులతో లేచింది.

దాన్నెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. వర్షాకాలంలో ఒకసారి తీగ చివర తెగిపోయి ఉంటే, ఉడత కొరికిందని ఉడతల వంశాన్నంతా తిట్టిపోసింది. తను కూడా ఒక్క ముక్క తీసి వేరే నాటలేదు. సోమవారం కడియం నర్సరీవాళ్ళు చూడ్డానికొస్తున్నారు, అప్పటిదాకా నిండుగా ఉండాలట!

అక్కడితో ఆగినా బాగుండేది. చార ఇంకాస్త వెడల్పైతే అదిరిపోతుందని మళ్ళీ మందు పట్టించింది. చదువుకున్నవాళ్ళ తెలివితక్కువ పనులు ఇలాగే ఉంటాయి. శనివారానికల్లా మొక్క వేళ్ళతో సహా కుళ్ళిపోయింది. పద్మజ కుండీ పక్కన చతికిలబడి బావురుమంది.

మొదట్నుంచీ నర్సరీలో నీళ్ళు పోసే గున్నమ్మ దగ్గరకొచ్చి కొంగు నలుపుతూ నిలబడింది.

“అమ్మా, ఒక మాట సెప్తాను, తిట్టకూడదు.”

“ఏటి?”

“అప్పుడు కొరికింది ఉడత కాదమ్మా. నానే తెంపినాను. కొత్తిల్లు కట్టుకున్నాం కదా, మనీప్లాంటు దొంగతనంగా తెస్తేనే కలిసొస్తాదన్నారు.”

“నీ కడుపు చల్లగుండ! బతికే ఉందా?”

“బెమ్మాండంగా ఉన్నాది!”

ఇద్దరూ ఒక్క పరుగున గున్నమ్మ ఇంటికెళ్ళారు. కిటికీలో గాజు సీసా, అందులోంచి గోడ మేకు దాకా పాకిన తీగ, ఆకు ఆకుకీ మీగడ చార. పద్మజకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపబోతే గున్నమ్మ అడ్డం నిలబడింది.

“నానియ్యనమ్మా. సేతులారా ఇస్తే మా లచ్చిమి ఎల్లిపోద్ది. నీకూ కలిసిరాదు.”

“మరేటి చెయ్యమంటావు?” అంది పద్మజ.

“అదీ నానే సెప్పాలేటి? పెరట్లో బిందె నింపుకొస్తాను. కుళాయి సన్నంగా వస్తన్నాది, శానాసేపు పడతాది.”

గున్నమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ళు కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకున్న పద్మజ మేడం అటూ ఇటూ చూసి, సంచిలోంచి కత్తెర తీసి, ఒక కణుపు దగ్గర కత్తిరించి కొంగులో దాచుకుంది.

“అయిపోనాదేటమ్మా?” పెరట్లోంచి కేక.

“ఇంకా లేదు, ఇటు రాకు!” అని అరిచి, పద్మజ ఇంకో ముక్క కూడా కత్తిరించింది.