ఆమోసు వ్యాను ఎంతిస్తోంది?

ఆమోసు నాలుగో అంతస్తులో నిలబడి అరిస్తే కింద పార్కింగులో కార్ల అలారాలు మోగేవని ఢిల్లీ ద్వారకలో ఆ సొసైటీ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్ని కార్లన్నదే తగువు గాని, మోగాయా లేదా అన్నది కాదు. రెండువేల ఎనిమిది జూన్‌లో ఆ అరుపులన్నిటికీ కారణం ఒకటే, అతని డీజిలు వ్యాను.

ఆమోసుది బాపట్ల. ఢిల్లీలో ఒక ఆసుపత్రి స్టోర్సులో ముప్ఫై ఏళ్లు దూదీ కట్లూ లెక్కపెట్టి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బుతో, అంతకుముందు బడిపిల్లల్ని మోసిన ఒక పాత వ్యాను కొని, మాయాపురిలో మిస్త్రీకి అప్పజెప్పి దాన్ని ఇల్లు చేయించాడు. లోపల రెండు బెర్తులు, గ్యాసు పొయ్యి, స్టీలు సింకు, పూల కర్టెన్లు, పైన ఏసీ. ఇంజిను నడుస్తుంటేనే ఆ ఏసీ నడుస్తుంది. లైట్లకు బ్యాటరీ కావాల్సి వచ్చేసరికి డబ్బులు నిండుకున్నాయి. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఊడబెరికి తెచ్చి కింది బెర్తు అడుగున బిగించాడు. కరెంటు పోతే ఎంతసేపు పోతుందిలే, విసనకర్రలు లేవా, అన్నాడు భార్యతో.

భార్య ఫ్లోరా నర్సు. రిటైర్ కావడానికి ఆమెకింకా రెండేళ్లుంది. ఆ వేసవంతా నైట్ డ్యూటీలే. వ్యాను తెచ్చిన రోజున ఆమోసు ఆమె చేతికి తాళాల జత ఇచ్చి, నిన్ను నైనితాల్ తీసుకెళ్తాను, ఇన్నేళ్లూ ఒళ్లు హూనం చేసుకున్నావు, అక్కడ చెరువుగట్టున బండాపుతాను, చల్లగా పడుకో, లేచేసరికి టీ నేను పెడతాను అన్నాడు. ఫ్లోరా ఆ మాట నమ్మి స్వెట్టర్లు సర్దింది. అవి సర్ది ఏడాదయింది.

మగవాళ్లు నలుగురు చేరితే ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది గదా, మీ బండి ఎంతిస్తోందండీ అని. ఆదివారం చర్చి అయ్యాక టీ గ్లాసులు పట్టుకుని అక్కడి మగవాళ్లూ అదే అడిగేవారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పిన మగవాడు ఢిల్లీలోనే కాదు, భూమ్మీదే పుట్టలేదు. ఆమోసు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు అనేవాడు. ఎవరైనా కళ్లెగరేస్తే, ఇదేం చూశారు, బాపట్లలో మా మేనమామ లారీకి డీజిలు వాసన చూపిస్తే చాలు గుంటూరు పోయొచ్చేది, పల్లం దిగేటప్పుడు ట్యాంకులోకి అరలీటరు తిరిగి చేరేది అనేవాడు. నిజానికి వ్యాను ఇచ్చేది పదే. మిగతా నాలుగూ ఆమోసు ఇచ్చేవాడు.

అలాంటి వ్యాను మే నెలలో ఆరుకు పడిపోయింది. జూన్ వచ్చేసరికి రెండున్నర. వారానికొకసారి చర్చికీ, అక్కణ్ణించి పంపుకూ తప్ప అది కదిలిందే లేదు. ఆదివారం నైనితాల్‌కని ట్యాంకు నింపిస్తే మళ్లీ ఆదివారానికి ముల్లు అడుగున పడుకునేది. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ నెలలోనే డీజిలు ధర పెరిగింది. ఇట్లాంటి బండితో నైనితాల్ కాదు గదా పక్కనున్న నజఫ్‌గఢ్ కూడా చేరం, దొంగ దొరికేదాకా ప్రయాణం లేదు అని ఆమోసు ప్రకటించాడు. ఫ్లోరా పెట్టిన సెలవు మళ్లీ వెనక్కి తీసుకుంది.

ముందు పంపువాడి మీద పడ్డాడు. మీటరు సున్నా చూపించకుండా పోస్తావా అని కాలరు పట్టుకుంటే, వెనక లైనంతా హారన్లు కొట్టింది. తరవాత మాయాపురి మిస్త్రీ మీద. అతను ఇంజిను విప్పి, మూసి, అంకుల్‌జీ, ఇంజిన్ తో షేర్ హై అన్నాడు. సింహమైతే మాంసం తినాలిగాని నా డీజిలు తాగుతుందేమిటని అక్కడే గొడవ. ఆ తరవాత ట్యాంకు మూతకు గుప్పెడంత తాళం వేయించాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది, డీజిలు పోయింది పోయినట్టే ఉంది. రోజూ చర్చి ఆఫీసులో లెక్కలు చూసి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చి బానెట్ మీద చెయ్యి వేసి చూసేవాడు. కాలేది. జూన్‌లో ఢిల్లీలో కాలని వస్తువేముంది గనక.

మిగిలింది వాచ్‌మన్. బీహారు మనిషి, ముగ్గురు పిల్లలవాడు. వ్యాను నిలిపే వెనక ఖాళీజాగాలోనే పగలంతా అతని కుర్చీ. నువ్వే తీశావంటే అతను నేలచూపులు చూశాడు. ఆ చూపులే సాక్ష్యమన్నాడు ఆమోసు. రెండో అంతస్తు కేశవరావు సొసైటీ సెక్రటరీ. ఆదివారం కమిటీలో వాణ్ణి తీసెయ్యాల్సిందేనని ఆమోసు ఆయన గుమ్మం ముందు నిలబడి అరిచాడు. కేశవరావు మీసంలో నవ్వుకుంటూ, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు ఆమోసుగారూ," అన్నాడు.

"వాడూ ఇక్కడే పడుంటాడుగా, ఇంటిదొంగే," అన్నాడు ఆమోసు. కేశవరావు నవ్వుకుంటూనే తలుపేసుకున్నాడు.

శుక్రవారం ఉదయం ఎప్పట్లాగే చర్చి ఆఫీసు పనికని బయల్దేరి, మెట్రో స్టేషను దాకా వెళ్లి, దొంగను తానే పట్టాలని వెనక్కి తిరిగాడు. టీ కొట్టులో కూచుని, ఎండ నెత్తికెక్కాక గొడుగు గదలా పట్టుకుని సొసైటీ గోడ పక్కనుంచి వచ్చాడు. మలుపు తిరక్కముందే గుడగుడమని చప్పుడు వినబడింది. తన ఇంజినే. డీజిలుతో సరిపెట్టకుండా బండే ఎత్తుకుపోతున్నాడనుకుని ఆమోసు పరుగెత్తాడు. అతన్ని చూసి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, అడ్డంగా నిలబడి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"సాబ్, ధీరే," అన్నాడు.

నా డీజిలు తాగి నన్నే ధీరే అంటావా అని అతన్ని పక్కకు తోసి, ఆమోసు తలుపు లాగాడు.

చల్లటి గాలి మొహాన కొట్టింది. కింది బెర్తు మీద ఫ్లోరా పడుకుని ఉంది. తెల్ల యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది. ఒక కాలి బూటు ఊడింది, రెండోది ఊడదీసే ఓపిక లేకపోయినట్టుంది. ముందు స్టీరింగు పక్కన తానిచ్చిన తాళాల జత వేలాడుతోంది.

"నువ్వా?" అని అరిచాడు ఆమోసు. ఈసారి నిజంగానే ఎక్కడో ఒక అలారం మోగింది.

ఫ్లోరా లేచి కూర్చుంది. వార్డులో గోల చేసే రోగి బంధువును చూసినట్టు చూసింది.

"నేనే. గొంతు తగ్గించండి."

"నెలన్నర నుంచీ నేను ఊరంతటితో కొట్లాడుతుంటే..."

"రాత్రంతా నిలబడి వస్తాను. ఇంటికొచ్చి తల వాల్చేసరికి కరెంటు పోతుంది. వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకు. పై అంతస్తు, రేకుపెనంలా కాలుతుంది. ఫ్యాను తిరగాల్సిన బ్యాటరీ ఎక్కడుంది? ఇదిగో, నా తల కింద. మీరు పెట్టిందే. అది నా దగ్గరికి రాదు గనక నేనే దాని దగ్గరికొచ్చి పడుకుంటున్నాను."

"చెప్పొచ్చుగా నాకు."

"మేలో చెప్పాను. బ్యాటరీ తీస్తే బండి పరువు పోతుందన్నారు. ఇంజిను వేసుకుంటానంటే లీటరు రేటు చెప్తారు. చర్చిలో చెప్పుకోడానికి మీకు పద్నాలుగు కావాలి, నాకు మూడు గంటలు కావాలి. నైనితాల్ నైనితాల్ అని ఏడాది నుంచీ ఊరిస్తున్నారే, నేను రోజూ వెళ్లొస్తున్నాను. ఈ కర్టెన్ లాగేసుకుంటే ఇదే నైనితాల్." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "దొంగ దొంగ అని మీరు అరుస్తుంటే నవ్వుకుని ఊరుకున్నాను. ఆ పిల్లలవాడి పొట్ట కొడతారని మాత్రం అనుకోలేదు. నేను చెప్పొద్దన్నానని నోరు మూసుకున్నాడు ఆ మనిషి. ఆదివారం కమిటీకి వచ్చి నేనే చెబుదామనుకున్నాను. మీరే వచ్చారు, మంచిదైంది. తలుపేసి వెళ్లండి. రాత్రికి మళ్లీ డ్యూటీ."

అని అటు తిరిగి పడుకుంది.

ఆమోసు తలుపు వేశాడు. దడాలున వెయ్యాలనిపించింది గాని చెయ్యి ఆపుకున్నాడు. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. దాన్ని ఎవరి మీద పోయాలో తెలియక, ఎండలో నిలబడి తన గొడుగు కర్రనే నేలకేసి పొడిచాడు. అరుద్దామంటే లోపల మనిషి నిద్రపోతోంది. ఇప్పుడే బ్యాటరీ పీకి నాలుగంతస్తులూ మోసుకెళ్లి పడేద్దామంటే, అది ఆమె తల కింద ఉంది. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. ఆమోసు కూర్చోలేదు. మిస్త్రీ ఇచ్చిన పానా మాత్రం డ్రైవరు సీటు కింద నుంచి చప్పుడు కాకుండా తీసి చేత పట్టుకున్నాడు, ఆమె ఎప్పుడు లేస్తుందా, బ్యాటరీ ఎప్పుడు ఊడదీద్దామా అని. ఇంజిను డీజిలు తాగుతూనే ఉంది. ఒక్కో గుటకా అతని గొంతులోంచే దిగుతున్నట్టుంది.

కేశవరావు పాలప్యాకెట్లు పట్టుకుని అటుగా వచ్చాడు. పానా చూశాడు, వ్యాను చూశాడు, ఆమోసు మొహం చూశాడు. ఊరుకోవచ్చుగా, ఊరుకోడు.

"ఎంతిస్తోందండీ బండి?" అన్నాడు.

ఆమోసు పళ్లు నూరాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా తిట్టినట్టు చెప్పాడు.

"లీటరుకు అరగంట. ఆ వాచ్‌మన్ జోలికి ఎవడైనా వెళ్తే కాళ్లు విరగ్గొడతాను. ఇక ఇక్కణ్ణించి కదలండి, మనిషి నిద్రపోతోంది."

నిజానికి వ్యాను ఇచ్చేది ఇరవై నిమిషాలేనట. మిగతా పదీ ఆమోసు ఇచ్చాడు.