ఛార్జిషీటులో మూడో వాక్యం

సాయంత్రం అయిదింటికల్లా గవర్రాజు జవాబు ఇవ్వాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది.

"ఇంకా ఏటి ఆలోసిత్తన్నావ్ బావా? జవాబు నానే టైపు సేయించి తెచ్చినాను. సంతకం ఎట్టెయ్. వార్నింగుతో వదిలేత్తారు," అని ఫోర్‌మన్ సన్యాసిరాజు గోపాలపట్నంలోని ఇంటికొచ్చి మరీ కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు.

గవర్రాజు రేవులో ఓ ప్రైవేటు కంపెనీ క్రేను డ్రైవరు. 1979 ఆగస్టు. వారం క్రితం జోరువానలో అతను ఓడలోకి దించుతున్న యంత్రం పెట్టె, అడుగున ఇనప నిచ్చెనకు కొట్టుకుని పగిలింది. వెంటనే సస్పెన్షను, వెనకే ఇంగ్లీషులో ఛార్జిషీటు. అతనికి ఇంగ్లీషు రాదు. పెద్దవాళ్లు కోప్పడితే 'తప్పయిపోయింది బాబూ' అనడం వచ్చు. పరవాడ పక్కన వాళ్ల ఊళ్లో అది మర్యాద.

అతను పెన్ను తీసేసరికి భార్య గంగాభవాని ఇంగ్లీషు టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. కాగితం లాక్కుని చదివింది.

"మావా! నేరం ఒప్పుకుంటన్నానని ఉంది ఇందులో. వార్నింగు ఊసే నేదు."

"కంపెనీవోళ్లు నేరం అనేసినారు కదే?"

"అన్నారు, అంతే." ఆమె ఛార్జిషీటు విప్పింది. "ఇక్కడ ఎలెజ్డ్ అనుంది. అంటే ఎవుడో అన్నాడు, ఇంకా రుజువు నేదు. పైన ఛార్జ్ అనుంది. అంటే దానికి నువ్వు జవాబు సెప్పాలి. గిల్టీ అన్న మాట ఎక్కడా నేదు. అది నువ్వే సంతకమెట్టి పట్టుకెళ్లి ఇత్తన్నావ్!"

"ఓరి నాయనో! ఒక మడిసిని తిట్టడానికి ఆళ్లకి ఇన్ని మాటలేటే?"

గంగాభవాని నవ్వలేదు. మూడో వాక్యం దగ్గర ఆగింది.

"పెట్టె నిచ్చెనకి తగలడం కళ్లారా సూసినానని సన్యాసిరాజు రాసిచ్చినాడంట. ఆ నిచ్చెన పైనుంచి కనబడతాదా?"

"నాకే కనబడదు. ఓడ మీద హేచ్ కన్నం అంచున నిలబడి సెయ్యూపేవోడొక్కడికే కనబడతాది. ఆడు ఊపినట్టే నాను దించాల."

"ఆ రోజు ఎవుడూపినాడు?"

"రోజూ ఊపే అబ్బులు జొరమొచ్చి రానేదు. ఎవుడో రెయిన్‌కోటోడు. వానలో మొకం కనబడ..."

గవర్రాజు మాట ఆపేసి, పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆమె అప్పటికే చెప్పులేసుకుంది. 'నేరం ఒప్పుకోవడం లేదు, విచారణ కోరుతున్నాను' అన్న రెండు ముక్కలు ఇన్‌స్టిట్యూట్‌లో టైపు చేసింది. అయిదుకి పది నిమిషాలుందనగా గవర్రాజు దాన్ని ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

శుక్రవారం ఎంక్వయిరీ. విచారణాధికారి శ్రీరామ్మూర్తి కళ్లజోడు పైనుంచి చూశాడు.

"నేరం ఒప్పుకుంటావా?"

అలవాటైన మాట గవర్రాజు పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నేదు బాబూ. ఫోర్‌మన్ గారిని ఒక్కటి అడుగుతాను. పెట్టె తగిలినప్పుడు తవురు ఓడ అడుగున ఉన్నారా, పైనున్నారా?"

సన్యాసిరాజు కింద అని చెప్పలేడు. ఆ రోజు అక్కడ పన్నెండుమంది కూలీలున్నారు, అతను లేడని చెప్పేస్తారు.

"పైనే," అన్నాడు.

"పైన ఎక్కడండీ?"

సన్యాసిరాజు కిటికీ వైపు చూశాడు. శ్రీరామ్మూర్తి రాయడం ఆపి, ఓడ నక్షా ముందుకు లాక్కున్నాడు. హేచ్ అంచు మీద వేలు పెట్టాడు.

"అడుగున నిచ్చెన కనపడేది ఇక్కణ్ణించేగా! అంటే ఆ రోజు సిగ్నల్ ఇచ్చింది మీరా?"

ఆరోపణ గట్టిగా ఉండాలని ఫోర్‌మన్ రాయించిన మాట, అతణ్ణే తీసుకెళ్లి అక్కడ నిలబెట్టింది.

సోమవారం ఆర్డరు వచ్చింది, మళ్లీ ఇంగ్లీషులోనే. గంగాభవాని మొదటి లైను దగ్గర తడబడింది.

"ఎక్సానరేటెడ్... ఇదేటో నాకూ తెలీదు మావా."

"కొత్త తిట్టేమో!"

ఆమె రెండో లైను చదివి పకపకా నవ్వింది.

"నీ తప్పు నేదంట. రేపు మొదటి షిఫ్టుకి డ్యూటీలో సేరమన్నారు."

గవర్రాజు సంచీ పట్టుకుని లేచాడు.

"ఎక్కడికీ?"

"సేపలకి. తిట్టే అయినా ఉజ్జోగం తిరిగిచ్చింది, బాగుంది."