ఏడేళ్లు ఎక్కువ చెప్పిన బడి

ఇంకెవరూ ఒప్పుకోనందుకే ఆ పని స్వర్ణ మీద పడింది. మహబూబ్‌నగర్‌లోని ఆ సర్కారు హైస్కూలుకు నూరేళ్లు నిండుతున్నాయని, పూర్వ విద్యార్థులు ఉత్సవం చేస్తున్నారని, సావనీరులో బడి చరిత్ర నాలుగు పేజీలు ఉండాలని హెడ్మాస్టరు కృష్ణకాంత్ స్టాఫ్ మీటింగులో చెప్పాడు. అందరూ సోషల్ మేడం వైపు చూశారు. అప్పటికే ఆమె నెత్తిన సర్వే డ్యూటీ ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, రోజూ ఫోనులో నింపాల్సిన హాజరు ఉంది. కాదనే ఓపిక కూడా లేక తలూపింది.

పాత రిజిస్టర్లన్నీ ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ వచ్చిన టీచరు బదిలీ అయి మూడేళ్లయింది. అన్నింటికన్నా పాతదాన్ని సంచిలో పెట్టుకుని, ఆదివారం రామచంద్రం సారు ఇంటికి వెళ్లింది. ఆయన ఆ బడిలోనే ఉర్దూ మీడియంలో చదివి, అక్కడే హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తొంభై ఏళ్లు. కోడలు శ్యామలమ్మ భూతద్దం తెచ్చిచ్చింది.

మొదటి పేజీ మీద ఆయన చాలాసేపు వంగి చూశాడు.

"పదమూడు వందల నలభై ఒకటి ఫసలీ. నిజాం కాలపు లెక్క గది. ఐదు వందల తొంభై కలుపు బిడ్డా."

"పంతొమ్మిది వందల ముప్పై ఒకటి. దీనికి ముందటిది ఇంకోటి ఉన్నదా సార్?"

"లేదు. బడి మొదలైందే గప్పుడు."

"మరి గేటు మీద ఇరవై నాలుగని ఉన్నది కదా?"

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. "గది నేనే రాయించిన. ఎనభై నాలుగుల రెండు వందల మంది పిల్లలు వరండాల కూసునేది. వానొస్తే ఇంటికి పంపుడే. ఎన్ని అర్జీలు పెట్టినా ఒక్క రూము రాలే. అరవై ఏండ్ల పండుగంటే మంత్రి వస్తడన్నరు. ఏడేండ్లు కలిపిన. ఎనిమిది రూములొచ్చినయి."

రిజిస్టరు మూసి ఆమె ముందుకు జరిపి, "నువ్వు ఉన్నది రాయి. నాకేం ఫికర్ లేదు" అన్నాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు.

స్వర్ణ పాఠం చెప్పేది ఆ ఎనిమిది గదుల్లోనే. స్లాబు పెచ్చులు రాలుతుంటే తొమ్మిదో తరగతి బెంచీలన్నీ ఒక గోడ పక్కకు జరిపి రెండేళ్లయింది.

సోమవారం కృష్ణకాంత్‌కు సంగతి చెప్పింది. ఆయన కోప్పడలేదు.

"ఇంకెవరికన్న చెప్పిన్రా మేడం?"

"లేదు సార్."

"నూరేండ్లంటేనే పెద్దోళ్లు వస్తమన్నరు. రూములు అడుగుదామనుకున్నం. తొంభై మూడంటే ఎవరొస్తరు, మీరే చెప్పుండ్రి."

బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చుని ముప్పై ఒకటని రాసింది. కొట్టేసింది. సంవత్సరం తప్పు రాసిన పిల్లలకు మార్కు కోసే చెయ్యి అది. ఇంకో కాగితం తీసుకుని ఇరవై నాలుగని రాసేసరికి సిగ్గు కన్నా అలసటే ఎక్కువనిపించింది. మిగతా మూడు పేజీలూ ఆగకుండా నింపేసింది.

ఉత్సవం జరిగింది. పన్నెండు గదులు అడిగితే నాలుగు మంజూరయ్యాయి. రామచంద్రం సారు రాలేకపోయాడు. ఆయనకు కప్పాల్సిన శాలువా, సావనీరు స్వర్ణే తీసుకెళ్లి ఇచ్చింది.

"ఏం రాసినవు?"

"ఇరవై నాలుగే సార్."

ఆయన శాలువాను మడత విప్పకుండానే ఒళ్లో పెట్టుకున్నాడు. "రూములెన్ని?"

"నాలుగు."

"నాలుగేనా. మాకు ఎనిమిదిచ్చిన్రు."

లోపలికి తిరిగి, చాయ్ పెట్టమని కోడలికి చెప్పాడు. స్వర్ణ వద్దనలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.