ముఖం వీధి వైపే

ఆ ఇంటి పెద్దల్లుడికి తెలియని విషయం లేదు. కనీసం పెళ్లినాటి నుంచి ఆయన నోట "నాకు తెలియదు" అన్న మాట విన్నవాళ్లు లేరు. దారి అడిగితే తప్పు దారైనా చూపిస్తాడు గాని, తెలియదని మాత్రం అనడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది కళ్లముందు ఆడుతున్నా సరే, అది తోకేమో సరిగ్గా చూడమంటాడు.

ఆయన వృత్తి దుకాణాలకు లైట్ల బోర్డులు కట్టడం. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆయన బిగించిన బోర్డులోకి వాన చుక్క దిగదు, పురుగు దూరదు. ఆ వృత్తిలో ఆయన నేర్చిన సూత్రం ఒక్కటే: ముఖం వీధి వైపు ఉండాలి.

మరదలు ఇంట్లోనే కంప్యూటరు బిగించుకుంటానంటే, విడిభాగాల కొట్టుకు ఆవిడకన్నా ముందు ఈయన బయల్దేరాడు. బొమ్మల సినిమాలు తీయడం నేర్చుకున్న పిల్ల ఆమె. చప్పుడు చేయకుండా తిరిగే నల్ల ఫ్యాన్లు చాలంది. చీకట్లో కనబడని ఫ్యాను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని బావ రంగురంగుల లైట్లున్నవి ఆరు కొనిపించాడు. ఏ వైపు నుంచి గాలి పీల్చుకుంటాయో చెప్పబోయిన కొట్టువాణ్ణి, ఊరు సగం వెలిగించినవాడికి ఫ్యాన్ల పాఠం చెబుతావా అని నోరు మూయించాడు.

ఇంటికొచ్చి తనే బిగించాడు. ముందు మూడు, పైన రెండు, వెనక ఒకటి. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం గనక, ఆరింటికీ లైట్లున్న ముఖాన్ని బయటికే పెట్టాడు. మిగిలిన సందులన్నీ బోర్డులకు వేసే టేపుతో మూసేశాడు. స్విచ్చి వేయగానే పెట్టె సర్కస్ గుడారంలా వెలిగింది. అందరూ మెచ్చుకున్నారు. అత్తగారు మాత్రం, ఇక గదిలో బల్బు తీసేయొచ్చేమో అంది.

అసలు సంగతి తరవాత బయటపడింది. ఒక స్టూడియో వాళ్లు ఉద్యోగం ఇచ్చే ముందు పరీక్షగా మరదల్ని చిన్న బొమ్మల సినిమా ఒకటి పంపమన్నారు. గడువు ఆ సాయంత్రం. గొడుగు పోగొట్టుకున్న కప్ప కథ అది. బొమ్మలన్నీ వేయడం అయిపోయింది. కంప్యూటరు వాటిని కలిపి సినిమాగా తయారు చేయడమే తరువాయి. సగం దాకా లాగి అది టప్పున ఆరిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఆరిపోయింది. పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

కబురందుకుని బావ దుకాణం వదిలి పరుగున వచ్చాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట కరెంటును తిట్టాడు, తరవాత ప్లగ్గును, ఆ తరవాత ఎండల్ని. పక్కగదిలోని స్టాండు ఫ్యాను తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టాడు. ఏమీ లాభం లేకపోయింది. తిట్టడానికి ఇంట్లో ఇంకేమీ మిగలక, చివరికి సినిమా మీద పడ్డాడు.

"కప్పను మరీ బరువుగా వేసినట్టున్నావమ్మా. పాపం, యంత్రం మాత్రం ఎంతని మోస్తుంది?"

మరదలు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బావ మళ్లీ స్విచ్చి వేసి, వైర్లు చూస్తున్నట్టు నటిస్తూ బల్ల వెనక్కి దూరాడు. ఆయన జేబులో ఎప్పుడూ స్టిక్కర్ల వెనక నుంచి ఊడదీసిన, జిగురంటని నున్నటి కాగితం ముక్కలుంటాయి. వాటిలో ఒక పీలిక జారి, వెనక ఫ్యాను జాలీకి టపీమని అతుక్కుంది. వేడిగాలి బయటికొచ్చే చోట కాగితం ఎగిరిపోవాలి గాని అతుక్కోవడమేమిటి? తీసి పైన పెట్టాడు, అతుక్కుంది. ముందు పెట్టాడు, అక్కడా అతుక్కుంది. ఫ్యాను గాలి పీల్చేది లైట్లున్న ముఖం వైపు నుంచే గనక, ఆరు ఫ్యాన్లూ గాలిని లోపలికి లాగేవే. బయటికి తోసే నాథుడు లేడు. సందుల్లోంచైనా పోదామంటే వాటిని తానే మూసి కూర్చున్నాడు.

ఎవరూ చూడలేదు. గుట్టుచప్పుడు కాకుండా మూడు ఫ్యాన్లు తిప్పేసి, కరెంటు సర్దుకుందని చెబితే సరిపోతుంది. స్క్రూడ్రైవరు అందుకున్నాడు కూడా. అంతలో వంటింట్లోంచి మరదలి గొంతు వినబడింది.

"బావ చెప్పింది నిజమేనేమోనమ్మా. నాకే సరిగ్గా వేయడం రాలేదు. చేయలేకపోయానని వాళ్లకి రాసేస్తాను."

తన మాటను నిజంగా నమ్మే మనిషి ఈ ఇంట్లో ఒకరున్నారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. గర్వపడాల్సిన చోట సిగ్గుతో చచ్చిపోయాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టి, వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

"నీ కప్పలో తప్పేం లేదు. తప్పు నాది. ఫ్యాన్లు ఎటు తిప్పి పెట్టాలో నాకు తెలియదు. తెలిసినట్టు పెట్టేశాను."

గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్తగారు పెద్దకూతుర్ని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "అల్లుడుగారి నుదుటి మీద చెయ్యి వేసి చూడవే, జ్వరమేమో" అంది. ఆవిడ వేసి చూసింది. చల్లగానే ఉందని చెప్పింది గాని, చెయ్యి వెంటనే తీయలేదు.

బావా మరదలూ కలిసి పైవాటినీ వెనకదాన్నీ తిప్పి బిగించారు, టేపంతా పీకేశారు. ఇప్పుడు ఆ మూడింటి లైట్లు లోపలికి, వట్టి వీపులు బయటికి. కాగితం పీలిక పెట్టి చూస్తే ఎగిరెళ్లి అత్తగారి కొప్పులో పడింది. సినిమా తయారవుతున్నంతసేపూ బావ పెట్టె మీద చెయ్యి వేసి చూస్తూ కూర్చున్నాడు. తయారయ్యాక మొత్తం చూశాడు. పొద్దుగుంకేలోగా అది స్టూడియోకు చేరింది.

పంపిన మరుక్షణం మరదలికి కంగారు పట్టుకుంది. "ఉద్యోగం వస్తుందంటావా బావా?"

తప్పకుండా వస్తుందనడానికి బావ అలవాటుగా నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"అది నాకు తెలియదమ్మా. కప్ప మాత్రం చాలా బాగుంది."

ఈసారి అత్తగారు కూడా ఆ మాట నమ్మింది.